మీ ఫుట్‌బాల్ క్లబ్ ఆడిటర్ మారితే లెక్కలు తిరగేసి చూడడం ఎలా

ఇంగ్లండ్‌లో ఫలానా క్లబ్ ఆడిటర్ మారాడన్న వార్త రాగానే అభిమానుల్లో సగం మంది క్లబ్ మునిగిపోతోందంటారు, మిగతా సగం మంది ఇందులో ఏముందంటారు. ఆ ఒక్క వార్తను పట్టుకుని ఏదీ తేల్చలేం. ఆడిటర్ ఏ రోజున వెళ్లాడు, అప్పటికి ఏ సంవత్సరం లెక్కలు దాఖలు కావాల్సి ఉంది, ఆ ముందూ వెనకా కొత్త తాకట్టు పడిందా, డైరెక్టర్లు ఎవరైనా తప్పుకున్నారా అన్నది చూడాలి. ఈ తేదీలన్నీ ఒక వరసలో పెడితేనే అసలు సంగతి కనబడుతుంది. కాగితాల్లో చాలా భాగం బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లండన్‌లో ఉన్నా లింగంపల్లిలో ఉన్నా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మీరు సీఏ చదివి ఉండక్కర్లేదు. ఓపిక, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

1. ముందు సరైన కంపెనీని పట్టుకోండి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. క్లబ్ పేరుతో వెతికి మొదట కనిపించిన కంపెనీని తెరుస్తారు. ఒక్కో క్లబ్ వెనక మూడు నాలుగు కంపెనీలుంటాయి: ఆట నడిపేది ఒకటి, దానిపైన యజమాని కంపెనీ, స్టేడియం చేతిలో పెట్టుకున్నది ఇంకొకటి. అప్పు ఒక చోట, ఆస్తి ఇంకో చోట ఉండొచ్చు.

మన వాళ్లకు పరిచయమైన ఉదాహరణ బ్లాక్‌బర్న్ రోవర్స్. 1971లో హైదరాబాద్‌లో బి.వి. రావు మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీస్ కుటుంబం 2010 నవంబర్‌లో ఆ క్లబ్‌ను కొన్నది. క్లబ్ నడిపే కంపెనీ పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫుట్‌బాల్ అండ్ అథ్లెటిక్ లిమిటెడ్. దానిపైన వెంకీస్ లండన్ లిమిటెడ్ ఉంటుంది. అసలు డబ్బు వచ్చేది ఇండియా నుంచి. ఆ డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సిన పరిస్థితి 2023 నుంచి వచ్చింది. క్లబ్ కంపెనీ లెక్కలు మాత్రమే చదివితే ఈ కోర్టు అనుమతి ఎంత ముఖ్యమో అర్థం కాదు. యజమాని నుంచి డబ్బు ఏ దారిలో వస్తుందో తెలుసుకోవడం మొదటి పని.

చేయాల్సింది ఇది. క్లబ్ కంపెనీ పేజీలో తాజా లెక్కల పీడీఎఫ్ తెరవండి. చివరి నోట్స్‌లో అంతిమ యజమాని సంస్థ ఎవరో రాసి ఉంటుంది. ఆ పేరుతో మళ్లీ వెతకండి. ‘పీపుల్’ అన్న ట్యాబ్‌లో డైరెక్టర్లు, గణనీయ నియంత్రణ ఉన్న వ్యక్తుల వివరాలు ఉంటాయి. ఒక డైరెక్టర్ పేరు మీద నొక్కితే ఆయనకు ఉన్న మిగతా కంపెనీలు కనిపిస్తాయి. స్టేడియం కంపెనీ సాధారణంగా అలాగే బయటపడుతుంది. ప్రతి కంపెనీ నంబరు రాసి పెట్టుకోండి, ఎందుకంటే పేర్లు మారుతుంటాయి, నంబరు మారదు. ఉచిత ఖాతా తెరిచి ‘ఫాలో’ నొక్కితే కొత్త కాగితం పడ్డప్పుడల్లా మెయిల్ వస్తుంది.

యజమాని కంపెనీ బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ లాంటి చోట ఉంటే అక్కడితో దారి మూసుకుపోతుంది. అది కూడా స్ప్రెడ్‌షీట్‌లో రాయండి.

2. తేదీల పట్టిక వేయండి

‘ఫైలింగ్ హిస్టరీ’ తెరిచి కనీసం ఐదేళ్ల కాగితాలు పాత తేదీ నుంచి కొత్త తేదీకి దింపుకోండి. ఫారాల కోడ్లు కొన్ని గుర్తుంటే పని తేలిక. ఏపీ01 అంటే కొత్త డైరెక్టర్, టీఎం01 అంటే తప్పుకున్న డైరెక్టర్. ఎంఆర్01 కొత్త తాకట్టు, ఎంఆర్04 తీరిన తాకట్టు. ఎస్‌హెచ్01 కొత్త షేర్లు. ఏఏ01 లెక్కల సంవత్సరం ముగింపు తేదీ మార్పు. ఏయూడీ ఆడిటర్ నిష్క్రమణకు సంబంధించిన పత్రం. జీఏజెడ్1 కనిపిస్తే కంపెనీని రిజిస్టరులోంచి కొట్టేస్తామని ఇచ్చిన మొదటి నోటీసు. లెక్కలు చాలాకాలం ఇవ్వకపోతే అది వస్తుంది.

ఏఏ01 మీద ప్రత్యేకంగా కన్నేయండి. ప్రైవేటు కంపెనీ తన సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా లెక్కలు దాఖలు చేయాలి, పబ్లిక్ కంపెనీకైతే 6 నెలలు. జూన్ 30తో ముగిసే క్లబ్‌కు గడువు మార్చి 31. గడువు దాటకముందే ముగింపు తేదీని ఒక్క రోజు వెనక్కి జరిపితే, ఆ నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల కొత్త గడువు దొరుకుతుంది. 2024 జూన్ 30 లెక్కలకు 2025 మార్చి 28న ఏఏ01 ఇచ్చి ముగింపు తేదీని జూన్ 29కి మార్చారనుకోండి. గడువు 2025 జూన్ 28కి వెళుతుంది. ఇది చట్టబద్ధమే. సంవత్సరాన్ని కుదించడానికి పరిమితి లేదు. పొడిగించడం మాత్రం సాధారణంగా ఐదేళ్లకు ఒకసారే, అదీ మొత్తం 18 నెలలు మించకుండా. ఒక్క రోజు కుదించారంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: లెక్కలు ఇంకా సిద్ధం కాలేదు. ఎందుకు సిద్ధం కాలేదన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న.

ఆలస్య రుసుము చూసి క్లబ్బులు భయపడవు. ప్రైవేటు కంపెనీకి నెల లోపు ఆలస్యానికి 150 పౌండ్లు, ఆరు నెలలు దాటినా 1,500 పౌండ్లే. వరసగా రెండో ఏడాదీ ఆలస్యమైతే రెట్టింపు. పెద్ద క్లబ్బుల్లో ఒక ఆటగాడి ఒక రోజు జీతం కూడా కాదది. అసలు దెబ్బ లీగ్ నుంచి పడుతుంది. రెండు నుంచి నాలుగో శ్రేణి వరకు నడిపే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌కు లెక్కలు ఇవ్వని క్లబ్‌పై కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ నిషేధం పడొచ్చు. అలాంటి నిషేధాలున్న క్లబ్బుల జాబితాను లీగ్ తన వెబ్‌సైట్‌లో కారణంతో సహా పెడుతుంది. అదీ మీ పట్టికలో చేర్చండి.

తేదీలు వరసలో పెట్టడం ఎందుకంత ముఖ్యమో షెఫీల్డ్ వెన్స్‌డే వ్యవహారం చూస్తే తెలుస్తుంది. ఆ క్లబ్ తన హిల్స్‌బరో స్టేడియాన్ని సుమారు 6 కోట్ల పౌండ్లకు యజమానికే చెందిన మరో కంపెనీకి అమ్మి, ఆ లాభాన్ని 2018 జూలైతో ముగిసిన లెక్కల్లో చూపించింది. కొన్న కంపెనీ షెఫీల్డ్ 3 లిమిటెడ్ మాత్రం రిజిస్టరైంది 2019 జూన్‌లో. ఈ రెండు తేదీలూ అందరికీ కనిపించే కాగితాల్లోనే ఉన్నాయి. లీగ్ విచారణ తర్వాత 2020 జూలైలో 12 పాయింట్లు కోశారు, అప్పీలులో అవి 6 అయ్యాయి. 2025 అక్టోబర్ 24న క్లబ్బూ, ఆ స్టేడియం కంపెనీ రెండూ అడ్మినిస్ట్రేషన్‌లోకి (అప్పులు తీర్చలేని కంపెనీని దివాలా నిపుణుల చేతికి అప్పగించే ప్రక్రియలోకి) వెళ్లాయి, మళ్లీ 12 పాయింట్లు పోయాయి.

3. ఆడిటర్ పేరును ఏడాది ఏడాదికీ పోల్చండి

ఏయూడీ కాగితం కనిపించలేదంటే ఆడిటర్ మారలేదని అనుకోవద్దు. లిస్టు కాని కంపెనీలో, సభ్యుల దృష్టికో అప్పులిచ్చినవాళ్ల దృష్టికో తేవాల్సిన విషయమేమీ లేదని ఆడిటర్ చెబితే ఆ పత్రం రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లనక్కర్లేదు. కాబట్టి ఐదేళ్ల ఆడిట్ రిపోర్టులు తెరిచి చివరి పేజీలో సంతకం చేసిన సంస్థ పేరు, బాధ్యుడైన ఆడిటర్ పేరు, సంతకం తేదీ రాసుకోండి. సంస్థ అదే ఉండి మనిషి మాత్రం మారితే అది మామూలు మార్పిడి.

సంస్థే మారితే చూడాల్సింది సమయం. ఒక ఏడాది లెక్కల మీద సంతకం పెట్టి, పదవీకాలం ముగిశాక తప్పుకుంటే చాలాసార్లు సాధారణ కారణాలే ఉంటాయి. ఫీజు కుదరకపోవడం, కొత్త యజమాని తన మిగతా కంపెనీల ఆడిటర్‌నే ఇక్కడికీ తెచ్చుకోవడం, ఆడిట్ సంస్థ ఫుట్‌బాల్ పనులు వదులుకోవడం లాంటివి. పెద్ద సంస్థ పోయి చిన్న సంస్థ వచ్చినంత మాత్రాన అది తప్పుకాదు. లోయర్ లీగ్ క్లబ్బులకు మంచి ప్రాంతీయ సంస్థలు ఎన్నో ఆడిట్ చేస్తున్నాయి. కొత్త సంస్థ చట్టబద్ధ ఆడిటర్ల రిజిస్టరులో ఉందో లేదో మాత్రం చూడండి, ఆ రిజిస్టరూ ఆన్‌లైన్‌లోనే ఉంది.

ఆందోళన పడాల్సింది పని మధ్యలో వదిలేసినప్పుడు. సంవత్సరం ముగిసింది, లెక్కల గడువు దగ్గరపడింది, ఆ దశలో ఆడిటర్ రాజీనామా. అడిగిన సమాచారం ఇవ్వలేదా? ఏదైనా లావాదేవీ మీద యాజమాన్యంతో విభేదం వచ్చిందా? పాత ఫీజు బాకీ ఉందా? 2006 కంపెనీల చట్టం 519వ సెక్షన్ ప్రకారం అలా మధ్యలో వెళ్లే ఆడిటర్, చట్టం మినహాయించిన కొద్ది కారణాలు తప్ప, ఎందుకు వెళుతున్నాడో రాసివ్వాలి. కంపెనీ దాన్ని 14 రోజుల్లో వాటాదారులకు పంపాలి, లేదంటే కోర్టుకెళ్లాలి. కోర్టు నోటీసేమీ రాకపోతే ఆడిటర్ 21 రోజులు ఆగి, ఆపై 7 రోజుల్లో రిజిస్ట్రార్‌కు ఒక ప్రతి పంపుతాడు. అంటే రాజీనామా వార్త వచ్చిన రోజే కాగితం కోసం వెతికి ఏమీ లేదనుకోవద్దు. నాలుగైదు వారాలు ఆగి మళ్లీ చూడండి.

ఆ లేఖ సాధారణంగా అర పేజీ కూడా ఉండదు. మూడు విషయాలు వెతకండి. మొదటిది, సభ్యుల దృష్టికి తేవాల్సిన విషయాలున్నాయని రాశారా, లేవని రాశారా? రెండోది, సమాచారం అందకపోవడం గురించి ఒక్క ముక్కయినా ఉందా? మూడోది, లేఖ తేదీకీ అంతకుముందు సంతకం చేసిన రిపోర్టుకీ మధ్య ఎన్ని నెలలు? ఆడిటర్లు ఆచితూచి రాస్తారు. “మాకు కావాల్సిన వివరాలు సకాలంలో అందలేదు” లాంటి వాక్యం కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పాతవాళ్లు వెళ్లి కొత్తవాళ్లు రావడానికి మధ్య నెలలు గడిచిపోతే అదో హెచ్చరిక. కొత్తగా వచ్చేవాళ్లు పాత ఆడిటర్‌కు రాసి, ఒప్పుకోకూడని కారణమేమైనా ఉందా అని అడగడం వృత్తి నియమం. ఎవరూ ఒప్పుకోవడం లేదంటే ఏదో అడ్డొస్తున్నట్టే. కొత్త ఆడిటర్‌కు గత ఏడాది నుంచి వచ్చిన ప్రారంభ నిల్వలు సరిచూసుకోవడానికి అదనంగా సమయం పడుతుంది, కాబట్టి మొదటి ఏడాది కొంత ఆలస్యం సహజమే.

4. ఆడిటర్ అభిప్రాయం చదవండి, అదీ లాభనష్టాల కన్నా ముందు

రిపోర్టు మొదటి పేరాలోనే అభిప్రాయం ఉంటుంది. లెక్కలు నిజమైన, న్యాయమైన చిత్రాన్ని ఇస్తున్నాయని అంటే సరే. ‘క్వాలిఫైడ్’ అంటే ఫలానా అంశం తప్ప మిగతావి సరే అని. ‘అడ్వర్స్’ అంటే లెక్కలు సరిగా లేవని. ‘డిస్‌క్లెయిమర్’ అంటే అభిప్రాయం చెప్పడానికి తగిన ఆధారాలే దొరకలేదని. చివరి రెండూ అరుదు, వస్తే పెద్ద విషయం.

ఫుట్‌బాల్‌లో తరచూ కనిపించేది మరొకటి: ‘మెటీరియల్ అన్‌సర్టెన్టీ రిలేటెడ్ టు గోయింగ్ కన్‌సర్న్’ అన్న శీర్షిక. లెక్కలు ఆమోదించిన రోజు నుంచి కనీసం 12 నెలల పాటు క్లబ్ నడుస్తుందా అన్న దాని మీద గట్టి అనుమానం ఉందని దీని భావం. లెక్కల్లో తప్పుందని దీని అర్థం కాదు. యజమాని డబ్బు ఆగితే క్లబ్ ఆగుతుందని ఆడిటర్ చెబుతున్నాడు. ఆ పేరా ఏ నోటును చూడమంటుందో ఆ నోటు తెరవండి. యజమాని ఇచ్చిన మద్దతు లేఖ ఎన్ని నెలలకు, చట్టపరంగా కట్టుబడి ఉండేదా కాదా అన్నది అక్కడే ఉంటుంది. కట్టుబాటు లేదని రాసి ఉంటే అది మాట సాయమే. గత ఏడాది రిపోర్టులో ఈ పేరా లేకుండా ఈసారి వచ్చిందా? లేక పాత ఆడిటర్ రాసిన పేరాను కొత్త ఆడిటర్ తీసేశాడా? రెండో సందర్భంలో, మధ్యలో క్లబ్ పరిస్థితి నిజంగా ఏం మెరుగుపడిందో అంకెల్లో చూపించమని అడగాలి.

అసలు ఆడిట్ రిపోర్టే లేకపోతే? చిన్న కంపెనీలకు ఆడిట్ మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సంవత్సరాలకు ఆ పరిమితి ఇలా ఉంది: టర్నోవర్ 1.5 కోట్ల పౌండ్లు, ఆస్తులు 75 లక్షల పౌండ్లు, 50 మంది ఉద్యోగులు. ఈ మూడింట్లో కనీసం రెండింటి విషయంలో పరిమితి దాటకుండా ఉండాలి. అలాంటి కంపెనీలు లాభనష్టాల పట్టీ బయటపెట్టకుండా బ్యాలెన్స్ షీట్ మాత్రమే ఇవ్వొచ్చు. నాలుగో శ్రేణి లీగ్ టూ, ఐదో శ్రేణి నేషనల్ లీగ్ క్లబ్బుల్లో ఇది మామూలు.

5. అంకెల్లో ఐదింటిని చూస్తే చాలు

జీతాలను టర్నోవర్‌తో భాగించండి. ఉదాహరణకి ఆదాయం 2.5 కోట్ల పౌండ్లు, జీతాలు 2.75 కోట్లు అయితే 110 శాతం. రెండో శ్రేణి అయిన ఛాంపియన్‌షిప్‌లో 100 దాటిన క్లబ్బులు చాలా ఉన్నాయి. ఒక్క ఏడాది అంకె కాదు, ఐదేళ్ల దిశ చూడండి.

ఆటగాళ్ల అమ్మకం లాభాన్ని పక్కకు తీసి నష్టం ఎంతో లెక్కగట్టండి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 80 లక్షల పౌండ్లకు నాలుగేళ్ల ఒప్పందం మీద కొన్న ఆటగాడి ఖర్చును ఏడాదికి 20 లక్షల చొప్పున రాస్తారు. మూడేళ్లు గడిచాక పుస్తకంలో మిగిలే విలువ 20 లక్షలు. అప్పుడు 60 లక్షలకు అమ్మితే 40 లక్షలు లాభం. ఆ లాభం ఒకసారి వచ్చేది, మళ్లీ వచ్చే ఏడాది ఇంకొకరిని అమ్మాలి. అకౌంటింగ్ పాలసీల నోట్‌లో ఈ తరుగుదల పద్ధతి మారిందేమో చూడండి. డెర్బీ కౌంటీ సమాన వాయిదాల పద్ధతి వదిలి ఆటగాడికి చివర్లోనూ విలువ మిగులుతుందని లెక్కేసింది. దాని మీద లీగ్‌తో గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2021 సెప్టెంబర్‌లో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. ఆ సీజన్లో మొత్తం 21 పాయింట్లు పోగొట్టుకుని మూడో శ్రేణి లీగ్ వన్‌కు దిగిపోయింది.

మూడోది నగదు. లాభం కాగితం మీద ఉండొచ్చు, బ్యాంకులో లేకపోవచ్చు. ఆటగాళ్ల బదిలీ సొమ్ము వాయిదాల్లో వస్తుంది. నాలుగోది ఏడాదిలోపు చెల్లించాల్సిన బాకీలు. అందులో ‘పన్నులు, సామాజిక భద్రత’ అన్న పంక్తి గత ఏడాదికన్నా బాగా పెరిగితే పన్ను కట్టడం వాయిదా వేస్తున్నారేమో అనుమానించాలి. ఐదోది యజమాని అప్పు: వడ్డీ ఉందా, ఎప్పుడైనా అడిగి తీసుకోవచ్చా, షేర్లుగా మార్చేశారా? షేర్లుగా మారిస్తే ఎస్‌హెచ్01 కనిపిస్తుంది, క్లబ్‌కు అది మేలు.

సంవత్సరం ముగిశాక జరిగిన సంఘటనల నోట్‌ను తప్పక చదవండి. కొత్త అప్పులు, అమ్మకాలు అక్కడ దొరుకుతాయి.

6. స్టేడియం, తాకట్టు, గెజెట్

‘ఛార్జెస్’ ట్యాబ్‌లో ప్రతి తాకట్టు పత్రం పీడీఎఫ్‌గా ఉంటుంది. తాకట్టు పెట్టిన 21 రోజుల్లో దాన్ని నమోదు చేయాలి. ఎవరు అప్పిచ్చారు, దేని మీద అన్నది చదవండి. స్టేడియం మీదా, రాబోయే టీవీ సొమ్ము మీదా, సీజన్ టికెట్ల ఆదాయం మీదా? రేపటి ఆదాయాన్ని ఇవాళే తాకట్టు పెట్టడం చేతిలో నగదు లేదన్న దానికి గుర్తు. స్టేడియం నేల ఎవరి పేరున ఉందో భూముల రిజిస్టరు ఉంచే హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి 7 పౌండ్లకు తెప్పించుకోవచ్చు. ఈ పనిలో మీరు ఖర్చుపెట్టేది అదొక్కటే.

బ్రిటన్ అధికారిక ప్రకటనల పత్రిక ‘ద గెజెట్’లో క్లబ్ కంపెనీ పేరుతో వెతకండి. కంపెనీని మూసేయమన్న పిటిషన్ విచారణకు కనీసం 7 పనిదినాల ముందు అక్కడ ప్రకటించాలి. ప్రకటన రాగానే బ్యాంకులు ఖాతా స్తంభింపజేస్తాయి. అప్పుడు జీతాలు ఆగుతాయి.

7. ప్రశ్న రాయండి, ఆరోపణ రాయొద్దు

మీ పట్టికను ఒక పేజీకి కుదించండి. ఒక్కో ప్రశ్నలో ఒక కాగితం, ఒక తేదీ, ఒకే అడుగు ఉండాలి. నమూనా: “ఫలానా తేదీన ఆడిటర్ రాజీనామా చేశారు, లెక్కల గడువు ఫలానా తేదీ. కొత్త ఆడిటర్‌ను ఎప్పుడు నియమించారు, లెక్కలు ఎప్పుడు దాఖలు చేస్తారు?” దీనికి తేదీతోనే జవాబివ్వాలి. “క్లబ్ డబ్బు ఎక్కడికి పోతోంది?” అని అడిగితే ఒక ప్రెస్ నోట్ వస్తుంది. ఎవరో డబ్బు కాజేశారని ఆధారం లేకుండా రాస్తే ఇంగ్లండ్‌లో పరువు నష్టం దావా పడుతుంది, మిగతా న్యాయమైన ప్రశ్నలూ దానితోపాటే పోతాయి. ఆడిటర్‌కు నేరుగా మెయిల్ చేయడం వల్ల లాభం లేదు, గోప్యత వల్ల ఆయన జవాబివ్వలేడు.

ఒక్క షేరున్నా లెక్కల ప్రతి మీకు పంపాలి, 519 లేఖ వాటాదారులకు పంపితే అదీ మీకు రావాలి. ఓటు హక్కుల్లో 5 శాతం కూడగడితే సర్వసభ్య సమావేశం పెట్టమని డిమాండ్ చేయొచ్చు. షేర్లు లేకపోతే మీ క్లబ్ సపోర్టర్స్ ట్రస్ట్ (అభిమానుల సంఘం) ద్వారా వెళ్లండి. దేశవ్యాప్తంగా ట్రస్టులకు ఫుట్‌బాల్ సపోర్టర్స్ అసోసియేషన్ అండగా ఉంటుంది. 2025 జూలైలో చట్టమైన ఫుట్‌బాల్ గవర్నెన్స్ యాక్ట్ కింద పై ఐదు శ్రేణుల క్లబ్బులపై స్వతంత్ర రెగ్యులేటర్ వచ్చింది. క్లబ్ జవాబు ఇవ్వనప్పుడు ప్రశ్నల పేజీ, దానికి ఆధారమైన పీడీఎఫ్‌లు జతచేసి అక్కడికి పంపండి.

ఇండియా క్లబ్బులకు ఇదే పద్ధతి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో పనికొస్తుంది. కంపెనీ పేరు వెతికి పబ్లిక్ డాక్యుమెంట్లు చూడడానికి చిన్న రుసుము కట్టాలి. ఏఓసీ-4లో లెక్కలు, ఏడీటీ-1లో ఆడిటర్ నియామకం, ఏడీటీ-3లో రాజీనామా ఉంటాయి. రాజీనామా చేసిన 30 రోజుల్లో ఆడిటర్ కారణాలతో సహా ఏడీటీ-3 దాఖలు చేయాలి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ తర్వాత ఆటగాళ్ల జీతాల బకాయిలతో, ఫిఫా బదిలీ నిషేధాలతో ఎలా చితికిందో చూసినవాళ్లు, తాము అభిమానించే క్లబ్ కంపెనీ నంబరును ముందుగానే రాసి పెట్టుకోవాలి. అది లిమిటెడ్ కంపెనీ కాక ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అయితే ఏఓసీ-4 ఉండదు, ఫారం 8 కోసం వెతకండి.